పాత ఎపిక్ లుక్ రావట్లేదా? ముందు ఆ గ్రెయిన్ తీసేయండి

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది. పాతకాలం భారీ సినిమాల పద్ధతిలో నలభై నిమిషాల సినిమా తీస్తున్నారు. టెస్ట్‌గా ఒక సీన్ షూట్ చేశారు: చాలా ఏళ్ళ తర్వాత కొడుకు మైదానం దాటి ఇంటికి నడిచొస్తాడు, తల్లి గుమ్మంలో నిలబడి ఉంటుంది. పైనా కిందా నల్ల బార్లు పెట్టారు, గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనబడే ఇసుకలాంటి చుక్కలు) వేశారు, మొత్తాన్ని కాస్త పసుపుకి తిప్పారు, డ్రోన్ షాట్ ఉంది, స్లో మోషన్ ఉంది. అయినా చూస్తే ఇన్సూరెన్స్ యాడ్‌లా ఉంది తప్ప పాత సినిమాలా లేదు. ఎక్కడ తప్పుతోంది, కెమెరా మారిస్తే సరిపోతుందా అని అడిగారు.

మారిస్తే సరిపోదు. నేను కొన్నేళ్ళు ప్రొజెక్షన్ క్యాబిన్‌లో ఆపరేటర్‌గా 70ఎంఎం ప్రింట్లు (హాల్లో ఆడించే ఫిల్మ్ కాపీలు) నడిపాను, ఆ తర్వాత ఎడిటింగ్ టేబుల్ దగ్గరే ఎక్కువ కాలం గడిచింది. కాబట్టి నేను చెప్పేది కెమెరామన్ వైపు నుంచి కాకుండా ఈ రెండు గదుల వైపు నుంచి ఉంటుంది, అది గుర్తుపెట్టుకుని చదవండి.

గ్రెయిన్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ చేసే తప్పు అదే. 1950లు, 60ల్లో పెద్ద సినిమాలకి 65ఎంఎం నెగెటివ్ (కెమెరాలో తిరిగే ఫిల్మ్) వాడిందే గ్రెయిన్ కనబడకూడదని. మామూలు 35ఎంఎం స్కోప్ సినిమా ఫ్రేముతో పోలిస్తే దాని ఫ్రేము దాదాపు మూడు రెట్లు పెద్దది. నెగెటివ్ 65, ప్రింట్ 70. ఆ మిగతా 5 మిల్లీమీటర్లు సౌండ్ కోసం పూసిన మ్యాగ్నెటిక్ ట్రాకులకి. మంచి ప్రింట్ పడితే తెర ఉన్నట్టే అనిపించదు, కిటికీలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. మీరు 'పాత సినిమా' అనుకుంటున్న గ్రెయిన్, గీతలు, వెలిసిన రంగు ఇవన్నీ అరిగిపోయిన ప్రింట్ లక్షణాలు, సినిమా లక్షణాలు కావు. రంగు విషయంలోనూ అంతే. పాత ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లు కాలం గడిచేకొద్దీ గులాబీ రంగులోకి దిగిపోయాయి, దాన్నే మనం పాత రంగు అనుకుంటున్నాం. టెక్నికలర్ వాళ్ళు ముద్ర వేసినట్టు రంగులద్దిన ప్రింట్లు ఇప్పటికీ ఎర్రగా ఎరుపు, నీలంగా నీలం చూపిస్తాయి. ఆ పసుపు తీసేయండి. ఆకాశాన్ని ఆకాశంలా ఉండనివ్వండి.

బార్లు మీ ఇష్టం, కానీ వెడల్పు ఫ్రేము తీసుకున్నాక ఆ వెడల్పులో ఏదో ఒకటి జరగాలి కదా. మీ తల్లి షాట్‌లో ఆవిడ ముఖం మధ్యలో ఉంది, రెండు పక్కలా మసక. లెన్స్ పూర్తిగా తెరిచి వెనకంతా బ్లర్ చేశారు. ఇప్పుడందరికీ అదే 'సినిమాటిక్', అదే యాడ్ వాసన కూడా. పాతవాళ్ళు వెనక ఉన్నది కనబడాలనే డబ్బు పోసి సెట్లు వేశారు, దూరాలు వెతుక్కుంటూ వెళ్ళారు. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, 8కో 11కో మూసి వెనకున్నది కూడా స్పష్టంగా వచ్చేలా మళ్ళీ తీసి చూడండి. వెనక ఏమీ లేదు, గోడ మాత్రమే ఉంది అంటారా, సమస్య అక్కడుంది మరి, లెన్స్‌లో లేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 2015లో దర్శకుడు టరంటినో 'ది హేట్‌ఫుల్ ఎయిట్'ని అల్ట్రా పానావిజన్ 70లో తీశాడు, అంటే ఎత్తుకి 2.76 రెట్లు వెడల్పు, 1966 తర్వాత ఆ ఫార్మాట్‌ని ఎవరూ ముట్టుకోలేదు. అంత వెడల్పు తీసుకుని కథలో ఎక్కువ భాగాన్ని ఒకే గదిలో పెట్టాడు. చాలామంది నవ్వారు. కానీ ఆ ఫ్రేములో ముందు ఇద్దరు మాట్లాడుతుంటే వెనక మూలన ఇంకొకడు ఏం చేస్తున్నాడో మన కన్ను వెతుక్కుంటూ ఉంటుంది. వెడల్పు అంటే కొండలకే అని ఎవరన్నారు?

ఇప్పుడు అసలు విషయం. మీ సీన్ రెండు నిమిషాలు, అందులో పద్నాలుగు కట్లు ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. కొడుకు మొదటి షాట్‌లో చుక్కంత, రెండో షాట్‌లో నడుం దాకా, మూడో షాట్‌లో బూట్లు, నాలుగో షాట్‌లో కళ్ళు. అంటే అతను నడవలేదు, మీరే అతన్ని కట్ చేసి ఇంటికి తెచ్చేశారు. ఆ మైదానం ఎంత దూరమో చూసేవాడి ఒంటికి తెలియలేదు. పాత పద్ధతిలో పెద్దదిగా ఉండేది తెర కాదు, ఎదురుచూపు.

'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962)లో బావి దగ్గర సీను మీరు చూసే ఉంటారు, ఫోన్‌లో చూసి ఉంటే చూడనట్టే లెక్క. ఎండమావిలో ఒక నల్లటి చుక్క. అది మనిషా, ఒంటెనా, కంటి భ్రమా తెలీదు. ఒమర్ షరీఫ్ అలా దగ్గరికి వస్తూనే ఉంటాడు. దీనికోసం కెమెరామన్ ఫ్రెడ్డీ యంగ్ 482ఎంఎం లెన్స్ వాడాడు, అంత పొడవు లెన్స్ కాబట్టే అతను ఎంతసేపు వచ్చినా దగ్గరపడుతున్నట్టు ఉండదు, గాలి మాత్రం మరుగుతూ ఉంటుంది. సంగీతం లేదు. మధ్యలో బావి దగ్గరున్న ఇద్దరినీ చూపిస్తాడు దర్శకుడు డేవిడ్ లీన్, మళ్ళీ ఆ చుక్కకే వెళ్తాడు. కట్లు ఉన్నాయి, లేకుండా లేవు. కానీ ఒక్క కట్ కూడా ఆ మనిషి ప్రయాణాన్ని దొంగిలించదు. చివరికి తుపాకీ పేలేసరికి మనం ఉలిక్కిపడేది శబ్దానికి కాదు, అంతసేపు అంత దూరం చూశాం కాబట్టి.

మీరు వెంటనే అనబోయే మాట నాకు తెలుసు: ఈ రోజుల్లో అలా తీస్తే ల్యాగ్ అంటారు. అంటారు, నిజంగా ల్యాగ్ అయితే. ఎడిటింగ్ టేబుల్ దగ్గర నేను పెట్టుకున్న లెక్క ఇది: షాట్‌లో చూడాల్సింది అయిపోయాక కూడా షాట్ మిగిలి ఉంటే అది ల్యాగ్. చూడాల్సింది ఇంకా రావాల్సి ఉండగా షాట్ నడుస్తుంటే అది ఎదురుచూపు. రెండూ ఒకే నిడివి ఉండొచ్చు. మీ స్లో మోషన్ షాట్ నాలుగు సెకన్లే, కానీ అది ల్యాగ్, ఎందుకంటే అతను తల్లిని చూసి నవ్వబోతున్నాడని మొదటి అర సెకనులోనే తెలిసిపోయింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా అదే సినిమాలో ఉంది. లారెన్స్ వెలుగుతున్న అగ్గిపుల్లని ఊదగానే ఎడారిలో సూర్యోదయం. స్క్రిప్టులో అది డిజాల్వ్, అంటే ఒకదాంట్లోకి ఇంకోటి కరిగిపోవాలి. అప్పట్లో డిజాల్వ్ ల్యాబ్‌లో చేయించాలి కాబట్టి ఎడిటింగ్‌కి వాడే వర్కింగ్ ప్రింట్‌లో రెండు షాట్లూ పక్కపక్కన అతికించి ఉన్నాయి. అలా నేరుగా చూసేసరికి ఎడిటర్ ఆన్ వి. కోట్స్‌కీ, లీన్‌కీ అదే బావుంది, కాస్త సవరించి అలాగే ఉంచేశారు. కాబట్టి పాత శైలి అంటే నెమ్మది అని రాసుకోకండి. ఎక్కడ ఆగాలో తెలిసినవాడికి ఎక్కడ దూకాలో కూడా తెలుస్తుంది, అంతే.

డ్రోన్ గురించి. నేను డ్రోన్‌కి వ్యతిరేకం కాదు, కానీ మీ డ్రోన్ ఎవరి దగ్గర మొదలైంది? ఎవరి దగ్గరా కాదు, ఆకాశంలో మొదలై ఆకాశంలోనే అయిపోయింది. 1939 నాటి 'గాన్ విత్ ద విండ్'లో అట్లాంటా రైల్వే యార్డు షాట్ చూడండి. కథానాయిక స్కార్లెట్ డాక్టర్‌ని వెతుక్కుంటూ వస్తుంది. కెమెరా ముందు ఆమె దగ్గరే ఉంటుంది. తర్వాత క్రేన్ మెల్లగా వెనక్కి, పైకి పోతుంటే పడి ఉన్న సైనికులు పది మంది, వంద మంది, ఇక లెక్క అందదు. అంత మంది జూనియర్ ఆర్టిస్టులు దొరక్క మధ్యమధ్యలో బొమ్మలు పడుకోబెట్టి, పక్కనున్న మనిషి చేత ఆ బొమ్మని కదిలించారు. బొమ్మలని తెలిసి చూసినా ఆ షాట్ పనిచేస్తుంది, ఎందుకంటే మనం ఆమె అవసరంతో పైకి వెళ్ళాం. ఆమెకి డాక్టర్ కావాలి, ఒక్క డాక్టర్. కెమెరా పైకి పోయేకొద్దీ ఆ డాక్టర్ ఆమెతో రాలేడని మనకి అర్థమవుతుంది. మీ డ్రోన్‌ని కొడుకు భుజం ఎత్తులో మొదలుపెట్టండి, పైకి పోయాక ఇల్లు ఇంకా ఎంత దూరమో చూపించండి. అలా కుదరదంటే డ్రోన్ వదిలేయండి.

ఫిల్మ్ మీద తీస్తే ఆ క్రమశిక్షణ దానంతటదే వస్తుందని కొందరంటారు, అందులో సగం నిజం ఉంది. వెయ్యి అడుగుల 65ఎంఎం రోలు సెకనుకి 24 ఫ్రేముల లెక్కన దాదాపు 9 నిమిషాల్లో అయిపోతుంది. విస్టావిజన్ అనే పద్ధతి ఇంకా ఘోరం: అందులో 35ఎంఎం ఫిల్మే అడ్డంగా పరుగెడుతుంది, ఫ్రేముకి 8 పెర్ఫొరేషన్లు (ఫిల్మ్ అంచున ఉండే రంధ్రాలు) తింటుంది, వెయ్యి అడుగులు ఐదున్నర నిమిషాలకి ఖాళీ. రోలు తిరుగుతుంటే డబ్బు తిరుగుతున్నట్టే కాబట్టి ముందే రిహార్సల్ చేస్తారు, ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చుకుంటారు. మీ కార్డులో గంటలకొద్దీ చోటుంది, అందుకే పద్నాలుగు యాంగిల్స్ తీశారు. రోజుకి 9 నిమిషాలే ఉన్నాయనుకుని ఒకసారి తీయండి. నవ్వకండి, నేను ఇద్దరు ముగ్గురి చేత చేయించాను. మొదటి రోజు తిట్టుకున్నారు, మూడో రోజుకి షాట్ డివిజన్ కాగితం మీదే సగానికి తగ్గింది.

విస్టావిజన్ పేరు ఈమధ్య మళ్ళీ వినబడుతోందంటే కారణం 2024లో వచ్చిన 'ది బ్రూటలిస్ట్'. బ్రేడీ కార్బెట్ దర్శకుడు, లోల్ క్రాలీ కెమెరా, నిడివి 215 నిమిషాలు, అందులో 15 నిమిషాల ఇంటర్వెల్. బడ్జెట్ కోటి డాలర్ల లోపే. సినిమాటోగ్రఫీకి ఆస్కార్ కూడా వచ్చింది. మీకు ఇది ముఖ్యం, ఎందుకంటే డబ్బు లేకపోతే ఎపిక్ తీయలేమన్న వాదనకి ఇదే జవాబు. ఇందులో యుద్ధాలు లేవు, గుర్రాల దండు లేదు. కానీ ఎదురుచూపుని ఎలా కట్టాడో చూడండి: హంగరీ నుంచి అమెరికా చేరిన ఆర్కిటెక్ట్ భార్య మొదటి సగంలో ఉత్తరాల్లో గొంతుగా మాత్రమే వినబడుతుంది. ఇంటర్వెల్‌లో తెర మీద వాళ్ళ పెళ్ళి ఫోటో, దాంతోపాటు తగ్గుతూ పోయే గడియారం. మళ్ళీ సినిమా మొదలయ్యాకే ఆమె మనిషిగా దిగుతుంది. గంటన్నరకి పైగా ఒక గొంతు విని, ముఖం కోసం కూర్చున్నాం మనం. బావి దగ్గర చుక్కకీ దీనికీ తేడా ఏమైనా ఉందా? నాకైతే కనబడలేదు. ఒకటి ఎడారిలో, ఒకటి ఉత్తరంలో. రెండో సగం మొదటి సగమంత గట్టిగా లేదని నా అభిప్రాయం, అది వేరే గొడవ.

ఇంటర్వెల్ అనగానే మనవాళ్ళకి బ్యాంగ్ గుర్తొస్తుంది. పాత రోడ్‌షో పద్ధతిలో దాని పని వేరు. 1950ల్లో ఇళ్ళల్లోకి టీవీ వచ్చాక జనాన్ని బయటికి లాగడానికి స్టూడియోలు తెర వెడల్పు చేశాయి, కొన్ని పెద్ద హాళ్ళలో మాత్రమే, సీటు నంబరుతో టికెట్ అమ్మి, నాటకంలా వేశాయి. జనం కూర్చునేటప్పుడు ఓవర్చర్, అంటే తెర మీద బొమ్మ లేకుండా సంగీతం మాత్రమే. మధ్యలో విరామం, అది అయ్యేముందు మళ్ళీ కాస్త సంగీతం. నా మొదటి ఓవర్చర్ అనుభవం చెప్తాను. రీలు ఎక్కించాను, పాట మొదలైంది, తెర నల్లగా ఉంది, రెండు నిమిషాలకి కింద ఈలలు, మూడో నిమిషానికి మేనేజరు చెమటలు కక్కుతూ క్యాబిన్‌లోకి వచ్చి బొమ్మ పోయింది, ల్యాంపు చూడు అన్నాడు. ల్యాంపు బాగానే ఉంది, సినిమానే అలా ఉంది అంటే నమ్మడే. ఆ టెన్షన్‌లో నేను కూడా ఒక్క క్షణం నిజమేనేమో అనుకుని లోపలికి తొంగిచూశాను. తర్వాతి ఆట నుంచి తెరముందు పరదా మూసి, దాని మీద లైటు వేసి, పాట అయ్యేసరికి పరదా తెరిచాం. ఈల ఒక్కటి లేదు. చూడబోయేది ఇంకా మొదలవలేదని జనానికి తెలిస్తే చాలు, వాళ్ళు కూర్చుంటారు. ఏం జరుగుతోందో తెలియనప్పుడే ఈల వేస్తారు. మీ సినిమాలో పొడవాటి షాట్లకీ ఇదే మందు. కొడుకు రాబోతున్నాడని తల్లికి తెలుసా లేదా, ముందు అది మాకు చెప్పండి, తర్వాత ఎంతసేపు నడిపించినా చూస్తాం.

ఇంకొకటి, ఇది కాస్త కష్టమైన విషయం. పాత శైలి తీసుకునేటప్పుడు సిగ్గుపడకూడదు. బాజ్ లర్‌మన్ 2008లో 'ఆస్ట్రేలియా' తీశాడు, 165 నిమిషాలు, నికోల్ కిడ్‌మన్, హ్యూ జాక్‌మన్, పశువుల మందని ఎడారి దాటించడం, 1942లో డార్విన్ రేవు మీద జపాన్ బాంబులు, పాత స్టూడియో ఎపిక్ ఎలా ఉండాలో అన్నీ ఉన్నాయి. మంద లోయ అంచుకి పరుగెత్తే ఘట్టం నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ మొదటి అరగంట చూడండి, ప్రతి షాటూ కన్ను గీటుతుంది, 'పాత సినిమా వేషం వేస్తున్నాం, చూస్తున్నారా' అన్నట్టు. ఒకసారి అలా వెక్కిరించాక తర్వాత ఏడవమంటే ప్రేక్షకుడు ఏడవడు, అటూ ఇటూ చూస్తాడు. అదే ఫుటేజ్‌తో 2023లో ఆరు ఎపిసోడ్ల సిరీస్‌గా, వేరే ముగింపుతో మళ్ళీ విడుదల చేశారు. వరసగా చూస్తే బాగానే నడుస్తుంది, కానీ ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ ఆ మైదానం చిన్నదైపోతుంది.

అయినా ఆ సినిమాకి ఒక విషయంలో దణ్ణం పెట్టాలి. కథ చెప్పే గొంతుని ఆదివాసీ పిల్లాడికిచ్చాడు, తల్లుల దగ్గర్నుంచి ప్రభుత్వం లాక్కుపోయిన పిల్లల కథని మధ్యలో పెట్టాడు. పాతవాటిలో ఇది దొరకదు. 'గాన్ విత్ ద విండ్' బానిసత్వాన్ని ఎలా తియ్యగా చూపించిందో అందరికీ తెలుసు. అంత గొప్ప 'లారెన్స్'లో ఒక్క స్త్రీ పాత్రకి మాట లేదు. షాట్ పెట్టే తీరు తెచ్చుకోండి, వాళ్ళ గుడ్డితనం కూడా తెచ్చుకోనక్కర్లేదు. మీ సీన్‌లో తల్లి పనేంటి? గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకోవడం. ఆవిడకి చేతిలో ఒక పని ఇవ్వండి, ఆ పని మధ్యలో ఆగాలి.

లైటు గురించి క్లుప్తంగా: సూర్యుడు వాలే ఇరవై నిమిషాల్లోనే అన్నీ తీయాలని పట్టుబట్టకండి. మంచి వెలుగు కోసం రోజులు ఆగి సినిమాని, స్టూడియోని ముంచినవాళ్ళు సినిమా చరిత్రలో ఉన్నారు. మధ్యాహ్నం నీడలు కూడా ఎడారికి నప్పుతాయి, మైదానానికీ నప్పుతాయి.

ఇక మీరు చేయాల్సింది. స్టాండు తల్లి వెనక, ఇంటి లోపల పెట్టండి. గుమ్మం, ఆవిడ వీపు, బయట మైదానం, అన్నీ ఫోకస్‌లో ఉండాలి. కొడుకుని మీకు వీలైనంత దూరం పంపండి, ఫోన్ చేసి 'ఇక నడు' అనండి. మ్యూజిక్ వేయకండి, గాలి, ఆవిడ చేతి పని చప్పుడు మాత్రం రికార్డు చేయండి. ఆవిడ ఎప్పుడు తలెత్తాలో మీరు చెప్పకండి, అతను కనబడినప్పుడు ఎత్తమనండి. కళ్ళజోడు పెట్టుకునే మనిషైతే తీసేసి చేయమనండి, ఎవరో వస్తున్నారని గుర్తుపట్టడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. అతను గుమ్మం దాకా వచ్చేవరకు కట్ చెప్పొద్దు, నాలుగు నిమిషాలైనా సరే, ఏడైనా సరే.

దాన్ని ఎడిట్ చేయకుండా, గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం) చేయకుండా, ముందు క్లాప్ కొట్టింది కూడా ఉంచి ఇక్కడ పెట్టండి. ఎక్కడ కత్తిరించాలో, అసలు కత్తిరించాలో లేదో అప్పుడు చూద్దాం.